పరగడుపున రావలెను

మేస్త్రీకి ముక్కు మీద కోపమని వీధి వీధంతటికీ తెలుసు. ఆ కోపానికి మళ్ళీ ఒక పద్ధతుంది. నిచ్చెన మీద ఉన్నంతసేపూ మనిషి వెన్నలా ఉంటాడు, కూనిరాగం కూడా వినిపిస్తుంది. కిందికి దిగాడంటే చాలు, బకెట్ ఎవడు అడ్డం పెట్టాడు, గుడ్డ ఎవడు తడిపాడు అని మొదలెడతాడు. గోడలకు రంగులు వేయడం ఆయన పని. కప్పూ గోడా కలిసేచోట, ఒక రంగు మీదికి ఇంకోటి ఎక్కకుండా, టేపు అంటించకుండా, ఊపిరి బిగబట్టి ఒక్క లాగుడులో బ్రష్ నడిపిస్తాడు. ఇల్లుగలవాళ్ళు ఆ గీతని చుట్టాలకి చూపించుకుని మురిసిపోయేవాళ్ళు. అందుకే నిచ్చెన మేస్త్రీ అన్న పేరు స్థిరపడిపోయింది. అసలు పేరు అడిగితే భార్య కూడా ఒక్క క్షణం తడుముకుంటుంది.

అలాంటి మనిషిని నిచ్చెన దింపేశారు. దింపింది పోటీ మేస్త్రీలు కాదు, వయసు కూడా కాదు. వైద్యం చేస్తున్నామంటూ, మర్యాదగా, మంచిమాటలు చెబుతూ దింపేశారు. వినేవాళ్ళకి ముందు నవ్వొస్తుంది, తర్వాత ఒళ్ళు మండుతుంది.

వీధి చివర ఆరోగ్య కేంద్రం ఉంది. కింద హాల్లో బెంచీలు, పైన గదులు, మధ్యలో నిటారుగా మెట్లు. టోకెన్ నంబరు పిలిచేదాకా ఎవరూ మెట్టు మీద కాలు పెట్టకూడదు. పిలిచాక ఆలస్యం చేశారా, మీ వంతు వరస చివరికి పోతుంది. అందుకని మోకాళ్ళ నొప్పులవాళ్ళు కూడా ఆ మెట్లని పడుతూ లేస్తూ ఎక్కేస్తారు. పైకి వెళ్ళగానే ఎడమ పక్క గదిలో రక్తం తీస్తారు. కుడి పక్క కుర్చీలో కూర్చోబెట్టి సిస్టరమ్మ చేతికి పట్టీ చుట్టి బీపీ చూస్తుంది. ఆ తర్వాత డాక్టరు గది. కింద హాల్లో గోడకి ఒక పాత రేకు బోర్డు ఉండేది: 'రక్తపరీక్షకు పరగడుపున రావలెను.' దాని అక్షరాలకి తలకట్లు సగం ఊడిపోయాయి. చూసినప్పుడల్లా మేస్త్రీకి చేతులు దురదపెట్టేవి.

ఆయనకు బీపీ ఉందన్న సంగతి ఒక పిప్పిపన్ను పుణ్యమాని బయటపడింది. పన్ను పీకేముందు బీపీ చూసిన పళ్ళ డాక్టరు, పన్ను సంగతి తర్వాత చూద్దాం, ముందు దీని సంగతి చూసుకోమని పంపించేశాడు. ఆరోగ్య కేంద్రంలో అప్పుడున్న డాక్టరు ఒక మాత్ర రాసి, "రోజూ పొద్దున తిన్నాక వేసుకో. మూడు నెలలకోసారి పరగడుపున వచ్చి రక్తమిచ్చి, నాకు కనిపించి వెళ్ళు" అన్నాడు. మేస్త్రీ చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. రంగులో నూనె ఎంత కలపమంటే అంతే కలుపుతాడు, చుక్క ఎక్కువా కాదు, తక్కువా కాదు. మాత్ర విషయంలోనూ అంతే.

మూడు నెలలకి వెళ్ళాడు. బీపీ దిగలేదు.

"మందులు వాడుతున్నారా?"

"వాడుతున్నాను సార్."

"ఉప్పు తగ్గించారా?"

"తగ్గించాం సార్."

మోతాదు పెంచారు. ఆ తర్వాతిసారి ఇంకో డాక్టరు ఉన్నాడు. ఆ కుర్చీలో ఏ డాక్టరూ ఎక్కువకాలం నిలవడు. మనుషులు మారినా ప్రశ్నలు మారలేదు, జవాబులూ మారలేదు. బీపీ అంతకంతే ఉంది. ఇంకో మాత్ర కలిపారు. తర్వాత మరోటి.

ఇంట్లో ఉప్పుకి కరువొచ్చింది. "ఆయన తినని ఉప్పు మనకెందుకు?" అని భార్య అందరికీ కలిపి చప్పిడి వంట మొదలెట్టింది. అల్లుడు జేబులో ఉప్పు పొట్లం పెట్టుకుని, అత్తగారు అటు తిరగగానే చల్లుకుని తినేవాడు. ఈ అల్లుడు మేస్త్రీ దగ్గరే పని నేర్చుకున్నాడు, ఆయన కూతుర్నే చేసుకున్నాడు, ఆయనతోనే పనికెళ్తాడు. మంచివాడే. మంచివాడు కాబట్టే మేస్త్రీ అతన్ని మనసారా తిట్టలేకపోయేవాడు, అదొక బాధ.

రెండో మాత్ర మొదలెట్టినప్పటి నుంచీ మేస్త్రీకి తల దిమ్మెక్కడం మొదలైంది. రంగు డబ్బా కోసం వంగి లేస్తే కళ్ళ ముందు చీకట్లు. పొద్దున తిని, మాత్రలు మింగి, పనిలోకి దిగిన కాసేపటికే కాళ్ళు దూదిలా తేలిపోయేవి. ఆ మాట డాక్టరుకి చెప్పాడు.

"బీపీ ఎక్కువైతే కళ్ళు తిరుగుతాయండీ. మీది తగ్గట్లేదుగా, అందుకే పెంచుతున్నాను."

"అది కాదు సార్. ఆ మెట్లెక్కి రొప్పుకుంటూ వచ్చాను. పొద్దున్నుంచీ కడుపులో ఏమీ లేదు, మీ టోకెన్ల గొడవతో నెత్తి మాడిపోతోంది. ఇక్కడికొస్తేనే నాకు పెరుగుతుందేమో!"

"అందరూ ఇదే చెప్తారు" అని డాక్టరు తర్వాతి నంబరు పిలిచాడు.

కళ్ళు తిరుగుతున్నాయంటే మందు పెంచడం, మందు పెంచితే కళ్ళు ఇంకా తిరగడం. ఎంత ఓపికున్నవాడికైనా చిర్రెత్తుకొస్తుంది. మేస్త్రీకి అసలే ఆ సరుకు తక్కువ.

బెంచీ మీద ఆయనకొక తోడు ఉండేవాడు. బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఇద్దరికీ ఒకే తారీఖు పడేది. కండక్టరుకి పాత అలవాటు పోలేదు, బెంచీ మీద ఎవరు కూర్చోబోయినా "జరగండి జరగండి, లోపల ఖాళీ ఉంది" అనేవాడు. ఆయనకీ వచ్చినప్పుడల్లా మందు పెరిగేది.

"ఏమోయ్ మేస్త్రీ, ఈసారి నీకెన్ని మాత్రలు?"

"మూడు. నీకు?"

"మూడున్నర. ఇంకొంచెం పెంచితే మాత్రలతోనే కడుపు నిండుతుంది. మా కోడలికి వంట తప్పుతుంది."

ఇద్దరూ పకపకా నవ్వుకునేవాళ్ళు. ఆ కేంద్రంలో మేస్త్రీ నవ్వేది ఆ కాసేపే.

ఒకరోజు పెద్దింటి మెట్ల గదిలో కప్పుకి రంగు వేస్తున్నారు. మేస్త్రీ నిచ్చెన పైమెట్టు మీద ఉన్నాడు. తలెత్తి, చేయి చాచి, ఊపిరి బిగబట్టి గీత లాగుతుండగా కప్పు గిర్రున తిరిగింది. కింద అల్లుడు చూసి రెండు చేతులా నిచ్చెన అదిమి పట్టుకోబట్టి మనిషి దక్కాడు. బకెట్ మాత్రం దక్కలేదు. ఆకుపచ్చ రంగు మొత్తం వెళ్ళి కింద హాల్లో ఇంటావిడ కొత్త సోఫాలో కూర్చుంది.

ఆ కబురు ఊరంతా పాకడానికి ఎంతో సేపు పట్టలేదు. మేస్త్రీకి కళ్ళు తిరుగుతున్నాయట అన్నారు. తర్వాత్తర్వాత పనికి పిలిచేవాళ్ళు అల్లుడికి ఫోన్ చేయడం మొదలెట్టారు.

"మావయ్యా, మీరు కిందుండండి. కిటికీ ఊచలు మీరు చూసుకోండి, పైన నేను చూసుకుంటాను."

"ఊచలు చూస్తూ కూర్చోడానికి నేనేమన్నా జైల్లో ఉన్నానట్రా?"

అన్నాడే గానీ కూర్చున్నాడు. ఊచలకి గరుకు కాగితం రుద్దుతూ, అల్లుడు పైన లాగే వంకర గీతలు చూస్తూ, పళ్ళు నూరుతూ కూర్చున్నాడు. చెబితే మనిషి నొచ్చుకుంటాడు, చెప్పకపోతే గోడ చెడుతుంది. ఇంటికొచ్చాక ఆ కోపమంతా చప్పిడి కూర మీద చూపించేవాడు.

ఇంతలో బడి నుంచి కబురొచ్చింది. ఆ బడి పెద్ద హాలుకి ఎన్నో ఏళ్ళ కిందట కప్పు అంచులు లాగింది మేస్త్రీయే. మళ్ళీ రంగులు వేయిస్తున్నామనీ, ఆ గీతలు ఆయన చేతి మీదే పడాలనీ హెడ్‌మిస్ట్రెస్ పట్టుబట్టింది. అంత ఎత్తులో ఆ పని అల్లుడి వల్ల కాదు, ఆ మాట అతనే ఒప్పుకున్నాడు. మేస్త్రీ భార్యతో అన్నాడు: "ఈసారి డాక్టరు దగ్గరికెళ్ళొస్తాను. ఇప్పుడు కూడా పెరిగింది, ఇంకో మాత్ర వేసుకో అన్నాడనుకో, ఇక నా వల్ల కాదే. బ్రష్షులన్నీ కడిగి అల్లుడి చేతికిచ్చేస్తాను. బడికి రాలేనని చెప్పేస్తాను."

బ్రష్షులు ఇచ్చేశాక ఈ మనిషి ఇంట్లో ఎలా కూర్చుంటాడో తల్చుకుంటేనే ఆవిడకి గుండె జారిపోయింది.

ఆ రోజు ఎప్పట్లాగే పరగడుపున వెళ్ళాడు. డాక్టరుకి చూపించడానికి మాత్రలు చొక్కా జేబులో పెట్టుకున్నాడు. బెంచీ మీద కండక్టరు కనబడలేదు. నంబరు పిలవగానే మెట్లెక్కి పైకెళితే, రక్తం తీసే గదికి తాళం!

"మిషన్ పాడైందండీ. రక్తం ఇంకోరోజు" అన్నాడు గది ముందు నిలబడ్డ అటెండరు.

మేస్త్రీకి అరికాలి మంట నెత్తికెక్కింది. "ఆ ముక్క కింద చెప్పి చావచ్చుగా! తెల్లారినప్పటి నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా కూర్చున్నాం ఇంతమందిమి. మీ మిషన్‌కి బాగాలేకపోతే సెలవు, మాకు బాగాలేకపోతే శిక్షానా?"

"తినేసి రండి. వచ్చి బీపీ చూపించుకోండి."

కిందికి దిగి, ఎదురు దుకాణంలో రొట్టె ముక్కలు టీలో ముంచుకు తిన్నాడు. జేబులోంచి మాత్రలు తీసి మూడూ మింగాడు. తిరిగొచ్చేసరికి అనుకున్నంతా అయింది. ఆయన నంబరు వరస చివరికి పోయింది. ఎండ నడినెత్తికొచ్చేదాకా బెంచీ మీద కూర్చుని, గోడ మీద రేకు బోర్డుని చూపుతోనే కాల్చేస్తూ గడిపాడు. చివరికి పిలుపొచ్చింది. మళ్ళీ అవే మెట్లు. కోపం పొద్దుటికి రెట్టింపు.

సిస్టరమ్మ పట్టీ చుట్టింది. చూసింది. విప్పి రెండో చేతికి చుట్టింది. ఆవిడ మొహం మారిపోయింది.

"మేస్త్రీ గారూ, కళ్ళు తిరుగుతున్నాయా?"

"రోజూ ఈ వేళకి తిరుగుతూనే ఉంటాయి. చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది తల్లీ."

"మీకు బీపీ బాగా పడిపోయింది. ఇంత తక్కువ మీకెప్పుడూ లేదు."

"తక్కువా? సరిగ్గా చూడమ్మా. మెట్లెక్కొచ్చాను, మీ అటెండరుతో పోట్లాడొచ్చాను!"

ఆవిడ లేచి డాక్టరు గదిలోకి నడిపించుకెళ్ళింది. ఈసారి ఒక డాక్టరమ్మ ఉంది. కంప్యూటర్లో అంకె చూసి, "హమ్మయ్య, ఇన్నాళ్ళకి అదుపులోకొచ్చిందండీ. ఇవే మందులు కొనసాగించండి" అంది. మేస్త్రీ పడిపోకుండా బల్ల అంచు పట్టుకుని నిలబడి ఉన్నాడు. తిట్టడానికి కూడా నోట్లో తడి లేదు.

"మేడమ్, ఒక్క నిమిషం" అంది సిస్టరమ్మ. ఆయన్ని కుర్చీలో కూలేసి అడిగింది: "ఇవాళ కొత్తగా ఏం చేశారు మీరు?"

"ఏం చేశాను, నా పిండాకూడు! రొట్టె తిన్నాను, మాత్రలు మింగాను, మళ్ళీ వచ్చాను."

"మరి ఎప్పుడూ మాత్రలు వేసుకునేగా వస్తారు?"

"ఎలా వేసుకుంటానమ్మా? తిన్నాక వేసుకోమన్నారు మీరే. పరగడుపున రమ్మన్నారు మీరే. తినకుండా ఎలా వేసుకుంటాను? ఇక్కడికొచ్చిన రోజు ఇంటికెళ్ళి తిన్నాకే వేసుకుంటాను."

సంగతి మొదట సిస్టరమ్మకి తట్టింది, తర్వాత డాక్టరమ్మకి, చివరికి మేస్త్రీకి. రోజూ మాత్ర వేసుకునే మనిషి, వేసుకోకుండా వచ్చేది వీళ్ళు కొలిచే రోజే. ఆ పూట కొలిచి, మందు పనిచేయట్లేదని పెంచారు. పెంచిన మందంతా మిగతా రోజుల్లో, నిచ్చెన మీద, ఆయన ఒంట్లో పనిచేసింది.

"ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదా?" అంది డాక్టరమ్మ మెల్లగా.

"అడిగారు మేడమ్. వాడుతున్నారా అని అడిగారు. వాడుతున్నానని చెప్పాను. ఇవాళ పొద్దున వేసుకున్నావా అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. బీపీ మాత్రకి పరగడుపుతో పనిలేదని ఒక్కరంటే ఒక్కరు చెప్పలేదు!"

డాక్టరమ్మ నీళ్ళు నమల్లేదు, అది ఆవిడ మంచితనం. "తప్పు మాదేనండీ. రక్తపరీక్ష రోజు కూడా ఈ మాత్ర గుక్కెడు నీళ్ళతో వేసుకోవచ్చు" అని, ఒక మాత్ర పూర్తిగా ఆపి, ఒకటి తగ్గించి, వారానికి మళ్ళీ రమ్మంది. సిస్టరమ్మ మాత్రం అక్కడ ఆగలేదు. మెట్ల పైన నిలబడి, కింద హాల్లోకి గట్టిగా అడిగింది: "బీపీ వాళ్ళు ఎవరెవరున్నారు? ఇవాళ పొద్దున మాత్ర వేసుకోకుండా వచ్చినవాళ్ళు చేతులెత్తండి!"

మేస్త్రీ ఆవిడ వెనకాలే రెయిలింగు పట్టుకుని కిందికి చూశాడు. ముందు ఒక చెయ్యి లేచింది, బడిలో పిల్లల్లా బెదురుతూ ఇంకొకటి. తర్వాత బెంచీలకి బెంచీలు చేతులెత్తాయి. ఒక పెద్దావిడైతే రెండు చేతులూ ఎత్తింది.

"మరి పరగడుపున రమ్మన్నారు కదమ్మా!" అంది ఆవిడ.

మేస్త్రీకి అప్పుడు కండక్టరు గుర్తొచ్చాడు. "ఆ కండక్టరు ఇవాళ రాలేదేం?" అని అడిగాడు.

"మీకు తెలీదా అన్నయ్యా? బాత్రూములో కళ్ళు తిరిగి పడ్డాడట. తుంటి విరిగింది" అంది కింద బెంచీ మీది పెద్దావిడ.

మేస్త్రీ ఇంటికి పోలేదు. దారి కనుక్కుని నేరుగా కండక్టరు ఇంటికెళ్ళాడు. కోడలు కుర్చీ వేసి, మంచం మీద మనిషిని దిండు ఎత్తు చేసి కూర్చోబెట్టింది. మూడు నెలల కిందట బెంచీ నిండుగా కూర్చున్న మనిషి దుప్పటి కింద చిక్కి సగమయ్యాడు.

"ఒక్క మాట చెప్పు. కేంద్రానికొచ్చే రోజు పొద్దున నువ్వు మాత్ర వేసుకుని వచ్చేవాడివా?"

"పరగడుపున రమ్మన్నారు కదటోయ్. సర్వీసంతా రూలు తప్పని మనిషిని, ఇప్పుడు తప్పుతానా?" అని నవ్వాడు. మేస్త్రీ నవ్వకపోయేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. మేస్త్రీ జరిగిందంతా చెప్పాడు.

"నాకెవరూ చెప్పలేదే" అన్నాడు కండక్టరు.

"నాకూ ఎవరూ చెప్పలేదోయ్."

వారం తిరిగేసరికి మేస్త్రీ తల తేలికపడింది. ఆ నెల్లోనే బడి హాలు కప్పుకి గీతలు లాగాడు. కింద నిచ్చెన పట్టుకున్న అల్లుడిది పొద్దున్నే ఒకటే ప్రశ్న: "మావయ్యా, మాత్ర వేసుకున్నారా?" "వేసుకునే ఎక్కాన్రా, నస పెట్టకు!" అని పైనుంచి అరిచాడు. అరిచాడే గానీ కూనిరాగం ఆగలేదు. అక్కడితో కథ అయిపోయిందని ఇంట్లోవాళ్ళు అనుకున్నారు. మేస్త్రీకి అవలేదు. రాత్రి పడుకుంటే దుప్పటి కింద కండక్టరే కనబడుతున్నాడు.

కేంద్రంలో గుమాస్తా దగ్గరికి వెళ్ళాడు. "ఆ రేకు బోర్డు కింద ఇంకో రెండు ముక్కలు రాయిస్తే సరిపోతుందండీ. రంగు నాది, చెయ్యి నాది. మీకు పైసా ఖర్చు లేదు."

"గోడ మీద గీత గీయాలన్నా పైనుంచి ఆర్డరు రావాలి. రాసి పంపిస్తాం, చూద్దాం."

చూద్దాం అన్న మాట అక్కడ ఎంతకాలం బతుకుతుందో మేస్త్రీకి బాగా తెలుసు. సిస్టరమ్మనడిగితే, "నేనుంటే నోటితో చెప్తున్నాను. నేను లేని రోజు మళ్ళీ మామూలే. మీరు రాస్తే మాత్రం షుగరు మాత్రల సంగతి వేరని కూడా రాయండి. అవి మమ్మల్ని అడిగే వేసుకోవాలి" అంది గొంతు తగ్గించి.

కేంద్రానికి సెలవు రోజు చూసుకుని మామా అల్లుళ్ళు నిచ్చెన మోసుకెళ్ళారు. గేటు పక్క బయటి గోడకి తెల్లటి సున్నం ఉంది. మేస్త్రీ ముందు గీకి, తుడిచి, దాని మీద నూనె రంగుతో, బారెడేసి అక్షరాలతో రాశాడు:

'పరగడుపు అంటే తిండి మానడం. బీపీ మాత్ర మానడం కాదు. గుక్కెడు నీళ్ళతో వేసుకుని రండి. షుగరు మాత్ర అడిగి వేసుకోండి.'

నెల తిరక్కుండా గుమాస్తా ఆ గోడకి కొత్త సున్నం కొట్టించాడు. ఆర్డరు లేదు కదా మరి! అల్లుడు వచ్చి చెబితే మేస్త్రీ విన్నాడు, కోప్పడలేదు. అల్లుడికి అదే వింత.

"నూనె రంగు మీద సున్నం నిలుస్తుందట్రా? నాలుగు చినుకులు పడనీ."

చినుకులు పడ్డాయి. సున్నం పెచ్చులు పెచ్చులుగా రాలిపోయింది. మళ్ళీ తారీఖు వచ్చేసరికి అక్షరాలు కడిగిన మొహంలా గోడ మీదే ఉన్నాయి.

ఆ తారీఖుకి కండక్టరు చక్రాల కుర్చీలో వచ్చాడు. కొడుకు నెట్టుకొచ్చి గేటు దగ్గర వదిలి టోకెన్ కోసం వెళ్ళాడు. మేస్త్రీ వచ్చేసరికి ఆయన గోడకెదురుగా ఒక్కడే ఉన్నాడు. బస్సు బోర్డు చదివినట్టు అక్షరం అక్షరం కూడబలుక్కుని పైకి చదువుతున్నాడు.

"కనబడుతోందా?" అన్నాడు మేస్త్రీ.

"వీధి మొదటి నుంచే కనబడింది. బాగా రాశావోయ్" అన్నాడు కండక్టరు. గోడ మీంచి చూపు తిప్పకుండానే మళ్ళీ అన్నాడు: "ఇదే ముక్క కిందటేడు ఎవరైనా రాసుంటే, నేను నడిచొచ్చి చదివేవాణ్ణి."

మేస్త్రీ కుర్చీ పట్టుకుని హాల్లోకి, బెంచీలు దాటి మెట్ల దగ్గరికి నెట్టుకెళ్ళాడు. కండక్టరు నంబరు పిలిచారు. ఆ నిటారు మెట్ల కింద చక్రాలు ఆగిపోయాయి. ఆలస్యమైతే వంతు చివరికి పోతుందని ఎవరో గుర్తు చేశారు. మేస్త్రీ తల పైకెత్తి, హాలు హాలంతా దద్దరిల్లేలా అరిచాడు.

"సిస్టరమ్మా! మెట్లెక్కలేని మనిషొచ్చాడు. వంతు తప్పిందని ఎవరైనా అంటే ఊరుకునేది లేదు. ఆ పట్టీ పట్టుకుని నువ్వే కిందికి దిగు తల్లీ!"